డిజిటల్ ఛాయాచిత్రాలలో సంజ్ఞాసాంకర్యం - పరిహారం
(పెనుగొండ ఛాయాచిత్రాలకు అన్వయం)

విషయప్రవేశం

శబ్దశాస్త్రంలో సంజ్ఞ అనగా వ్యవహారలాఘవం కొరకు చేయబడిన పేరు. పాణిని ఘు, టి, భ వంటి చిన్న సంజ్ఞలను కల్పించి పెద్ద పెద్ద సముదాయాలను ఒక్క అక్షరంతో నిర్దేశించినాడు. సంజ్ఞ చిన్నదైనను దాని బాధ్యత పెద్దది. దానిని పలికిన వెంటనే ఏ వస్తువు ఉద్దిష్టమో ఆ వస్తువే బుద్ధికి తోచవలెను, మరొకటి తోచరాదు. ఈ నియమం తప్పినచోట కలిగే దోషాన్ని సంజ్ఞాసాంకర్యం అనవచ్చును.

ఈ దోషం రెండు విధాలు. ఒకే సంజ్ఞ రెండు వస్తువులను చెప్పుట మొదటిది, ఇది నానార్థత. ఒకే వస్తువునకు రెండు సంజ్ఞలు ఏర్పడుట రెండవది, ఇది పర్యాయత. అమరసింహుడు తన కోశంలో పర్యాయాలను వర్గాలుగా కూర్చి, తృతీయకాండంలో నానార్థవర్గాన్ని ప్రత్యేకంగా నిలిపినాడు. కవికి ఈ రెండును ఉపకారకాలే. నానార్థం లేనిదే శ్లేష లేదు. పర్యాయం లేనిదే ఛందోనిర్వాహం కష్టం. భాండాగారంలో పట్టిక వ్రాసేవానికి మాత్రం రెండును శత్రువులే.

నేడు ఆలయాలు, శాసనాలు, తాళపత్రాలు, ఉత్సవాలు, వంశాలకు సంబంధించిన ఛాయాచిత్రాలు వేలసంఖ్యలో డిజిటల్ రూపంలో నిలువ అవుతున్నవి. ప్రతి చిత్రం వెంట దాని వివరాలు కొన్ని నడుస్తున్నవి: తీసిన తేదీ, తీసినవారు, స్థలం, విషయం, గుర్తుసంఖ్య. చిత్రాన్ని గూర్చిన ఈ సమాచారానికే మెటాడేటా అని వ్యవహారం. అందులో గుర్తుసంఖ్య తక్కిన వివరాలన్నిటికి ఆధారస్తంభం. ఒకే గుర్తుసంఖ్య రెండు చిత్రాలకు పడినచో ఒకదాని వివరణ మరొకదానికి అంటుకొనును. ఆ సాంకర్యాన్ని గుర్తించుట ఎట్లు, శాస్త్రీయంగా సవరించుట ఎట్లు అనునది ఇక్కడి విచారణ. ఉదాహరణస్థలం పశ్చిమగోదావరి జిల్లాలోని పెనుగొండ.

స్థలనామంలోనే సాంకర్యం

పెనుగొండను ఎన్నుకొనుటకు కారణం కలదు. ఆ ఊరి పేరే ఈ సమస్యకు మొదటి ఉదాహరణ. ఆంధ్రదేశంలో పెనుగొండ ఒకటి, పెనుకొండ మరొకటి. పెను అను విశేషణం, కొండ అను విశేష్యం రెండింటికి సమానం. ఒకచోట పరుషమైన కకారం నిలిచినది. మరొకచోట సరళమైన గకారం వచ్చినది. భేదం ఆ ఒక్క వర్ణంలోనే ఉన్నది. మొదటిది తణుకు, ఆచంటలకు చేరువలో గోదావరి డెల్టాలో ఉన్న వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రం. రెండవది రాయలసీమలో, 1565 నాటి యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన గిరిదుర్గం. సంస్కృతంలో మొదటిదానిని జ్యేష్ఠశైలమని, రెండవదానిని ఘనగిరియని వ్యవహరించుట కలదు. సంస్కృతీకరణంలో పేర్లు స్పష్టంగా విడిపోయినను, రోమను లిపిలో వ్రాసేవారి చేతిలో కకార గకారాలు తారుమారగుట సులభం. అట్టి ఒక్క అక్షరదోషంతో డెల్టాలోని నగరేశ్వరాలయ చిత్రం రాయలసీమ దుర్గచిత్రాల నడుమ చేరగలదు.

తపాలాశాఖ ఈ చిక్కును అంకెలతో తీర్చుకొన్నది. 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టిన ఆరంకెల పిన్‌కోడు పద్ధతిలో పెనుగొండకు 534320, పెనుకొండకు 515110 ఏర్పడినవి. పేరు వ్రాయుటలో పొరపాటు జరిగినను ఉత్తరం సరియైన ఊరికే చేరును. అయితే పిన్‌కోడు ఊరికి సంజ్ఞ కాదు. బట్వాడా చేసే తపాలా కార్యాలయానికి సంజ్ఞ. ఒక కోడు క్రింద పలు గ్రామాలు ఉండవచ్చును. దానిని గ్రామలక్షణంగా గ్రహించినచో అతివ్యాప్తి దోషం. కనుక ఒక సంజ్ఞ ఏ వస్తువును గుర్తించుటకు ఏర్పడినదో మొదట నిర్ణయించుకొనవలెను.

జిల్లాపేరును గుర్తుసంఖ్యలో చేర్చుట కూడ సురక్షితం కాదు. 1925లో ఏర్పడి చాలాకాలం ఏలూరు కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరి జిల్లాకు 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనతో భీమవరం కేంద్రమైనది. ఏలూరు వేరు జిల్లా అయినది. ఆనాడే పెనుకొండ అనంతపురం జిల్లా నుండి శ్రీసత్యసాయి జిల్లాలోనికి చేరినది. అనంతపురం పేరుతో మొదలయ్యే గుర్తుసంఖ్యలు పెనుకొండ చిత్రాలకు ఉండి ఉన్నచో, అవి ఒక్కరోజులో అసత్యాలైనవి. వాటిని మార్చిన, పాత సంఖ్యను ఉదాహరించిన గ్రంథాలు చెడును. మార్చకున్న, పట్టిక అబద్ధమాడును.

ఇక్కడ శబ్దవిభాగం ఉపకరించును. అవయవార్థం వలన బోధించునది యౌగికం. అవయవార్థంతో పనిలేక సముదాయశక్తిచేత బోధించునది రూఢం. గుర్తుసంఖ్య రూఢంగా ఉండవలెను గాని యౌగికంగా ఉండరాదు. స్థలం, కాలం, విషయం వంటి అర్థాలను గుర్తుసంఖ్యలో ఇమిడ్చినచో, ఆ అర్థాలలో ఏ ఒక్కటి సవరణ పొందినను సంజ్ఞ కదలవలసి వచ్చును. అర్థాలకు స్థానం వివరణలో. గుర్తించుటయే సంఖ్య పని.

సాంకర్యానికి కారణాలు

మొదటి కారణం ఆవృత్తి. డిజిటల్ కెమెరాలు దస్త్రాలకు పేర్లు పెట్టే పద్ధతిని 1998లో జపానులో ఏర్పడిన డీసీఎఫ్ నియమం నిర్ణయించినది. దాని ప్రకారం పేరులో నాలుగు అక్షరాలు, వాటి వెంట నాలుగు అంకెలు ఉండును. అంకెలు 0001 నుండి 9999 వరకు నడిచి మరల మొదటికి వచ్చును. కావున ఒకే కెమెరాతో పదివేలకు మించి చిత్రాలు తీసినవానికి పేర్లు తిరిగివచ్చుట అనివార్యం. ఇద్దరు ఒకే జాతి కెమెరాలను వాడినచో మొదటి చిత్రంతోనే సాంకర్యం మొదలగును.

ఇది పంచాంగం ఎరిగినవారికి క్రొత్త విషయం కాదు. ప్రభవాది సంవత్సరాలు అరువది. ప్రభవ 1927-28లో వచ్చినది, 1987-88లో మరల వచ్చినది. సంవత్సరనామం ఒక్కటే చెప్పిన కాలనిర్ణయం కాదు. అందుచేతనే శాసనకర్తలు శకవర్షాన్ని, సంవత్సరనామాన్ని, తరచు మాసపక్షతిథివారాలను కలిపి చెప్పినారు. ఆవర్తించే సంజ్ఞ ఆవర్తించని మరొకదానితో జతపడినప్పుడే నిశ్చయం కలుగును.

రెండవ కారణం పరిధిని విస్మరించుట. పురావస్తుశాఖవారి శాసన వార్షిక నివేదికలలో శాసనాలకు ఏటేటా ఒకటవ సంఖ్య నుండి క్రమం మొదలగును. అందుచేత పండితులు సంఖ్యతోపాటు సంవత్సరాన్ని తప్పక ఉదాహరింతురు. సంవత్సరం విడిచిపెట్టినచో ఒక్క సంఖ్యకు పదుల కొలది శాసనాలు సమాధానం చెప్పును. వాట్సాప్ ద్వారా వచ్చే చిత్రాల పేర్లలోను ఇదే స్వభావం కనిపించును. పేరులో తేదీ, దాని వెంట ఆనాటి క్రమసంఖ్య ఉండును. ఆ క్రమం ప్రతి ఫోనులో వేరువేరుగా నడుచును. మాఘశుద్ధ విదియనాడు, అనగా వాసవీ ఆత్మార్పణ దినాన, పదిమంది భక్తులు తమ ఫోనులలోని చిత్రాలను ఒకచోట చేర్చినచో, ఒకే పేరుగల పది భిన్న చిత్రాలు వచ్చుట సహజం.

మూడవ కారణం కాలసంజ్ఞ. చిత్రం తీసిన క్షణమే దాని గుర్తుసంఖ్య అని కొందరి అభిప్రాయం. చిత్రంలో పొదిగి ఉండే ఎక్సిఫ్ వివరాలలో తీసిన సమయం సెకనువరకు నమోదగును. అయితే వరుసగా వేగంగా తీసే పద్ధతిలో ఒక్క సెకనులో పలు చిత్రాలు రాగలవు. కెమెరా గడియారం తప్పుగా ఉండవచ్చును. అమెరికాలోని వాసవీ జయంతి చిత్రం, పెనుగొండలోని వాసవీ జయంతి చిత్రం తమతమ స్థానికకాలాల ప్రకారం ఒకే సమయాన్ని చూపవచ్చును. కాలమండల భేదాన్ని తెలిపే స్థానం ఎక్సిఫ్ నియమాలలో 2016 నాటి కూర్పుతోనే చేరినది.

నాలుగవ కారణం మిక్కిలి సూక్ష్మమైనది. సంఖ్య మొదట అద్వితీయంగానే పుట్టును. నకలు చేయునప్పుడు సంకరమగును. యూయూఐడీ అనే 128 ద్వ్యంకాల సంజ్ఞ ఉన్నది. 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4122గా వెలువడిన దాని నియమం 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9562గా నవీకరింపబడినది. అందులో నాలుగవ విధానం 122 ద్వ్యంకాలను యాదృచ్ఛికంగా ఎన్నుకొనును. అట్టి సంజ్ఞల సంఖ్య 5 ప్రక్కన 36 సున్నలు పెట్టినంతకు మించినది. పరార్ధాన్ని పరార్ధంతో గుణించినను అంతకు చాలదు. రెండు చిత్రాలకు కాకతాళీయంగా ఒకే సంఖ్య పడుటను వ్యవహారంలో అసంభవమే అనవచ్చును. కాని ఆ సంఖ్యను తనలో పొదుగుకొన్న చిత్రాన్ని నకలుచేసి, అంచులు కత్తిరించి, రంగులు దిద్ది వేరు దస్త్రంగా భద్రపరచినచో, సంఖ్య కూడ దానితో వెళ్ళును. ఎంత విశాలమైన సంఖ్యారాశియైనను నకలు ముందు రక్షకం కాదు.

ఐదవది దీనికి విపరీతం: ఒకే వస్తువు పలుమార్లు పట్టికకెక్కుట. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలాది తెలుగు గ్రంథాలు స్కాను చేయబడినవి. వాటిలో అనేకం తరువాత ఇంటర్నెట్ ఆర్కైవులో చేరినవి. అక్కడ ఒకే ముద్రణకు చెందిన ప్రతులు వేరువేరు సంఖ్యలతో కనబడుట, తెలుగు పేర్లు రోమను లిపిలో పలువిధాల వ్రాయబడి ఉండుట పాఠకులకు అనుభవసిద్ధం. ఒక ప్రతిలో లోపించిన పుట మరొక ప్రతిలో దొరకుటయు అట్టి చోట్ల సంభవించును. ఈ చివరిమాట ముందున్న విచారణకు ముఖ్యం.

సంశయం, పూర్వపక్షాలు

సాంకర్యం కనబడినచోట ఏమి చేయవలెనని సంశయం. మూడు పక్షాలు ఉదయించును.

ప్రథమపక్షం: ఒకే సంఖ్య గల చిత్రాలలో ఒకదానిని ఉంచి తక్కినవానిని తొలగించవలెను, సంఖ్య సమానమైనప్పుడు వస్తువు సమానమే గదా.

ద్వితీయపక్షం: పాత సంఖ్యలన్నిటిని రద్దుచేసి, మొదటి నుండి క్రొత్త సంఖ్యలు వేయవలెను, అప్పుడు సందేహమే మిగలదు.

తృతీయపక్షం: సంఖ్యతో పనిలేదు, దస్త్రంలోని అంకసముదాయం నుండి గణితరీత్యా పుట్టే హాష్ అనే అంకముద్రనే సంజ్ఞగా గ్రహించవలెను. వస్తువు మారిన ముద్ర మారును. వస్తువు ఒక్కటైన ముద్ర ఒక్కటే.

ప్రథమపక్షం అయుక్తం. సంజ్ఞాసామ్యం వస్తుసామ్యానికి హేతువు కాదు. అది వ్యభిచారి హేతువు. ఏడవ శతాబ్దిలో ఒక భాస్కరుడు, పన్నెండవ శతాబ్దిలో మరొక భాస్కరుడు జ్యోతిషగ్రంథాలు రచించినారు. పేరు ఒక్కటే గనుక ఒకరిని తొలగింపుమనువాడు లేడు. ఇక నష్టాన్ని విచారించవలెను. ఒక ఆలయస్తంభంపై శాసనం ఉన్నదని అనుకొనుడు. సున్నం కొట్టకముందు ఒక చిత్రం, కొట్టిన తరువాత ఒక చిత్రం తీసినారు. నకలు చేయుటలో రెండింటికి ఒకే సంఖ్య పడినది. తరువాతిది పెద్దది, స్పష్టమైనదియని యంత్రం మొదటిదానిని తొలగించినచో, అక్షరాలున్న చిత్రం పోయి తెల్లని సున్నం గల చిత్రం నిలుచును. స్తంభం పైన అక్షరాలు లేవు, చిత్రంలోను లేవు. అట్టి నష్టానికి పరిహారం లేదు.

ద్వితీయపక్షం కూడ అయుక్తం. ఉదాహరింపబడిన సంఖ్య పట్టికకర్త సొత్తు మాత్రమే కాదు. దానిని తన వ్యాసంలో వ్రాసికొన్న పరిశోధకునిది కూడ. పాత సంఖ్య మాయమైనచో ఆ వ్యాసంలోని ప్రమాణం నిరాధారమగును.

తృతీయపక్షం పాక్షికంగా గ్రాహ్యం. ఎస్‌హెచ్‌ఏ-256 అనే హాష్ 256 ద్వ్యంకాల ముద్ర. షోడశాంక పద్ధతిలో 64 స్థానాలుగా వ్రాయబడును. దస్త్రంలో ఒక్క అంకం మారినను ముద్ర పూర్తిగా వేరగును. అదియే దాని గుణం, అదియే దాని దోషం. చిత్రం మారక, వివరణలో పెనుకొండను పెనుగొండగా దిద్దినంతమాత్రాన ముద్ర మారిపోవును. వివరణను సవరించిన ప్రతిసారి పేరు మారిన వస్తువు వస్తువుగా నిలువదు. కావున ముద్ర పరీక్షకు సాధనం. సంజ్ఞకు ప్రతినిధి కాదు.

సిద్ధాంతం

సంజ్ఞాసాంకర్యాన్ని పోగొట్టుట అనగా చిత్రాలను తగ్గించుట కాదు, సంబంధాలను స్పష్టపరచుట. ఇది ఈ విషయంలో సిద్ధాంతం. దీనికి వ్యాకరణంలో రెండు దృష్టాంతాలు కలవు.

అష్టాధ్యాయిలో ప్రథమాధ్యాయ చతుర్థపాదం మొదటి సూత్రం నుండి ద్వితీయాధ్యాయ ద్వితీయపాదం చివరివరకు ఏకసంజ్ఞాధికారం నడుచును. ఆ పరిధిలో ఒక్కదానికి ఒక్క సంజ్ఞయే. హ్రస్వానికి లఘుసంజ్ఞ, సంయోగం పరమైనప్పుడు గురుసంజ్ఞ వచ్చి లఘుసంజ్ఞను తొలగించును. ఆ పరిధి వెలుపల సంజ్ఞలు కలిసి ఉండుటకు అభ్యంతరం లేదు. తవ్యాదులకు ప్రత్యయసంజ్ఞ, కృత్‌సంజ్ఞ, కృత్యసంజ్ఞ మూడును ఏకకాలంలో కలవు. అనగా పాణిని సంజ్ఞాసమావేశాన్ని సర్వత్ర నిషేధింపలేదు, సర్వత్ర అనుమతింపలేదు. ఎక్కడ ఏకత్వం అవశ్యకమో అక్కడ పరిధి గీసి నియమించినాడు. పట్టికలోను ప్రధానసంఖ్య అను ఒక్క గడిలో ఏకత్వం కఠినంగా ఉండవలెను. పాతసంఖ్య, కెమెరాపేరు, దాత ఇచ్చిన సంఖ్య అను గడులలో ఎన్నియైనను ఉండవచ్చును.

రెండవది స్థానివద్భావం. ప్రథమాధ్యాయ ప్రథమపాదంలో యాబదియారవ సూత్రం ఆదేశానికి స్థాని యొక్క ధర్మాలను అతిదేశించును. అయితే వర్ణాశ్రయమైన కార్యాలలో ఆ అతిదేశం లేదు. మూలచిత్రం స్థాని, కత్తిరించినది, రంగులు దిద్దినది, చిన్నది చేసినది ఆదేశాలు. ఏ ఉత్సవం, ఏ విగ్రహం, ఎవరు తీసినది అనే ధర్మాలు ఆదేశాలకు సంక్రమించును. పరిమాణం, రంగు, అంకముద్ర వంటి స్వరూపాశ్రయ ధర్మాలు సంక్రమింపవు. చిత్రవివరాల కొరకు అడోబీ సంస్థ రూపొందించి, 2012లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎక్స్‌ఎంపీ పద్ధతి ఈ భేదాన్ని అంగీకరించినది. అందులో ఆదిమూలాన్ని చెప్పే సంఖ్య ఒకటి, ప్రస్తుత పత్రాన్ని చెప్పే సంఖ్య ఒకటి, భద్రపరచిన ప్రతిసారి మారవలసిన రూపసంఖ్య ఒకటి ఉన్నవి. ఈ మూడింటిని ఒక్కటిగా భ్రమించుటయే అనేకచోట్ల సాంకర్యానికి మూలం.

గ్రంథసంపాదనలోను ఇదే మార్గం. పూనాలోని భండార్కర్ సంస్థ 1919లో ఆరంభించి 1966లో మూలపాఠాన్ని ముగించిన మహాభారత సంశోధిత ముద్రణలో ప్రతి తాళపత్రప్రతికి వేరు సంకేతం కలదు. తెలుగు లిపిలోని ప్రతులు టి అను అక్షరంతోను, దానివెంట అంకెతోను గుర్తింపబడినవి. గ్రంథం ఒక్కటే గనుక ప్రతులు ఒక్కటే అని ఎవరును భావింపలేదు. ప్రతులు సాక్షులు, సాక్షులు ఎందరున్నను అధికం కాదు, ఎవరు ఎవరో తెలిసిన చాలును.

ప్రయోగక్రమం

ఈ సిద్ధాంతాన్ని ఆచరణలో పెట్టు క్రమం ఇది.

మొదట సంచయం మొత్తానికి మార్పులేని నకలు ఒకటి తీసి వేరుచోట భద్రపరచవలెను. సవరణ సమస్తం మరొక ప్రతిపై జరుగవలెను.

పిదప ఒక్కొక్క దస్త్రానికి ఒక్కొక్క వరుస చొప్పున పట్టిక వేయవలెను. గుర్తుసంఖ్య, దస్త్రం ఉన్నచోటు, పరిమాణం, తీసిన సమయం, తీసినవారు, మొత్తం దస్త్రానికి అంకముద్ర, వివరణను విడిచి చిత్రభాగానికి మాత్రమే అంకముద్ర అందులో ఉండవలెను. పొదిగిన వివరాలను చదువుటకు, వ్రాయుటకు ఎక్సిఫ్‌టూల్ వంటి ఉచిత సాధనాలు లభించుచున్నవి. ఈ పట్టికను గుర్తుసంఖ్య ప్రకారం క్రమపరచినచో ఒకటికి మించి వరుసలున్న సంఖ్యలు ఒకచోట చేరును. ఆ గుంపులే విచారణీయాలు. ప్రతి గుంపు నాలుగు స్థితులలో ఏదో ఒకదానికి చెందును.

ఒకటి, దస్త్రముద్రలు కూడ సమానం. అప్పుడు వస్తువు ఒక్కటే, ఉన్నచోట్లు రెండు. వరుసను ఒక్కటిగా చేసి, రెండుచోట్లను నమోదు చేయవలెను. నకలును తొలగించుటకు ఇక్కడ మాత్రమే అవకాశం కలదు.

రెండు, చిత్రముద్రలు సమానం, దస్త్రముద్రలు భిన్నం. చిత్రం ఒక్కటే, వివరణలు రెండు. ఒక వివరణలో పెనుగొండ, మరొకదానిలో పెనుకొండ ఉన్నచో, చిత్రాన్ని పరిశీలించి సరియైనదానిని నిలుపవలెను. త్రోసిపుచ్చిన మాటను, దానిని వ్రాసినవారిని, తేదీని ప్రక్కన నమోదు చేయవలెను. పాఠాంతరాన్ని అధస్సూచికలో చూపుటవంటిదే ఇది.

మూడు, చిత్రముద్రలు భిన్నం, కాని ఒకదాని నుండి మరొకటి పుట్టినది. ఇది స్థాన్యాదేశ సంబంధం. మూలానికి పాతసంఖ్య నిలిచి, ఆదేశానికి క్రొత్తసంఖ్య రావలెను. మూలం ఏదో ఆదేశపు వరుసలో చెప్పవలెను. ఈ సంబంధాన్ని అంకముద్ర చెప్పలేదు. చూపునకు దగ్గరగా ఉన్న చిత్రాలను పోల్చిచూపే సాధనాలు ఉన్నను, అవి అభ్యర్థులను మాత్రమే చూపును. నిర్ణయం చూచినవాడు చేయవలెను. సున్నానికి ముందు, సున్నానికి తరువాత తీసిన స్తంభచిత్రాలు యంత్రదృష్టికి సమీపాలే. అవి స్థాన్యాదేశాలు కావు, స్వతంత్రసాక్షులు.

నాలుగు, చిత్రాలు సర్వథా భిన్నం. రెండింటిలో ఏది ముందుగా గ్రంథాలలో ఉదాహరింపబడినదో దానికి పాతసంఖ్య నిలుచును, రెండవదానికి క్రొత్తసంఖ్య. రెండును ఉదాహరింపబడియున్నచో రెండింటికి క్రొత్తసంఖ్యలు ఇచ్చి, పాతసంఖ్యను విరమింపజేసి, దాని స్థానంలో రెండింటికి దారిచూపు సూచికను నిలుపవలెను. పాతవ్యాసం చదివినవాడు ఆ సంఖ్యతో వచ్చినచో, ఆ రెండింటిని చూచి సందర్భాన్నిబట్టి నిర్ణయించుకొనగలడు.

దీని తరువాత విపరీతపరీక్ష అవసరం. పట్టికను చిత్రముద్ర ప్రకారం మరల క్రమపరచినచో, ఒకే చిత్రానికి ఏర్పడిన వేరువేరు సంఖ్యలు, అనగా పర్యాయాలు, బయటపడును. వాటిలో ఒకదానిని ప్రధానంగా గ్రహించి, తక్కినవానిని దానికి సూచికలుగా మార్చవలెను. ఆఫ్రెక్ట్ 1891, 1896, 1903లలో మూడు భాగాలుగా ప్రకటించిన కేటలోగస్ కేటలోగోరం, దానిని అనుసరించి మద్రాసు విశ్వవిద్యాలయం 1949 నుండి వెలువరించిన నూతన సంపుటాలు సంస్కృతగ్రంథాల విషయంలో చేసిన పని ఇట్టిదే: నామాంతరం క్రింద ప్రధాననామానికి సూచన, ఒకే నామం క్రింద భిన్నకర్తృకాలైన గ్రంథాలకు విభజన.

సవరణ జరిగిన ప్రతిచోట పాతసంఖ్య, క్రొత్తసంఖ్య, కారణం, తేదీ, చేసినవారు అను ఐదు అంశాలతో వేరు లెక్కపుస్తకం ఉండవలెను. క్రొత్తసంఖ్యను చిత్రంలో పొదిగినచో దస్త్రముద్ర మారును గనుక, పాతముద్రను లెక్కపుస్తకంలో నిలిపి, క్రొత్తముద్రను గణించి వ్రాయవలెను. చివరగా, ప్రధానసంఖ్య గడిలో ఒకే సంఖ్య రెండవమారు చేరకుండ పట్టికకే నియమం పెట్టవలెను. డేటాబేసులలో దీనికి సౌకర్యం ఉన్నది. విరమించిన సంఖ్యను మరి యే చిత్రానికిని ఇవ్వరాదు.

ఇక్కడ ఒక ఆశంక. చిన్న సంచయానికి ఇంత శ్రమ అవసరమా? వందచిత్రాలకు కంటితో చూచుట చాలును గదా. సమాధానం: సంచయం చిన్నదిగా ఉన్నప్పుడే ఇది సులభం. గుంపుకు రెండు వరుసలున్నచో పోల్చవలసినది ఒక్క జత. పది ఉన్నచో నలుబదియైదు జతలు. అంతేగాక చిత్రాలు తీసినవారు, చూచి చెప్పగలవారు నేడు ఉన్నారు, ఎల్లకాలం ఉండరు. ఈ పనికి కాలపరిమితి కలదు.

ప్రయోజనం

పెనుగొండ విషయంలో ఈ ప్రయోజనం స్పష్టం. వాసవీమాతతో అగ్నిప్రవేశం చేసినవి 102 గోత్రాల దంపతులని సంప్రదాయం. ఆ గోత్రాలవారు దేశమంతటను, విదేశాలలోను ఉన్నారు. వారి ఇండ్లలో పెద్దల చిత్రాలు, వివాహచిత్రాలు, క్షేత్రయాత్రా చిత్రాలు ఉన్నవి. వాటిని ఒకచోట చేర్చువారు ఇంటిపేరునే ఆధారంగా గ్రహించినచో దోషం తప్పదు. ఒకే ఇంటిపేరు భిన్నగోత్రాలలో ఉండును. ఒకే గోత్రంలో పలు ఇంటిపేర్లు ఉండును. వివాహసంబంధం చూచునప్పుడు ఇంటిపేరుతో తృప్తిపడక గోత్రం అడుగుట తెలుగువారి ఆచారం. ఆ జాగ్రత్తనే పట్టికలోను పాటించవలెను. ఒక గోత్రనామం రెండు వర్ణక్రమాలతో నమోదైనచో లెక్క 102ను మించును. రెండు గోత్రాలు ఒక్కటిగా కలిసినచో లెక్క తగ్గి, ఒక వంశం పట్టికలో లేకుండపోవును. ఒక కుటుంబం తన పితామహుని పేరు వెదకినప్పుడు వేరొకరి ముఖం కనబడుట సామాన్యమైన పొరపాటు కాదు. తరువాతి తరం ఆ ముఖాన్నే తాతముఖమని నమ్మి నమస్కరించును. ఆ భ్రమను తొలగించుటకు అప్పుడు సాక్షి ఉండడు.

ఆలయచిత్రాలలోను ఇంతే. సున్నం పడకముందటి శాసనాక్షరాలు, జీర్ణోద్ధరణకు ముందటి గోపురరూపం, నేడు వాడుకలో లేని ఉత్సవవాహనం వంటివి చిత్రంలోనే మిగిలియుండవచ్చును. చిత్రం ఉండియు దానికి సరియైన సంజ్ఞ లేకున్న, అది ఉన్నట్లు కాదు. దానిని పిలుచుటకు మాట లేదు. సంజ్ఞ ఉండియు అది రెండింటికి చెందినచో, పిలిచినప్పుడు ఏది వచ్చునో నిశ్చయం లేదు. కావున భాండాగారికుడు మొదట నకలు భద్రపరచి, పిదప పరీక్షించి, అనంతరం విభజించి, సవరించిన దానిని లిఖించవలెను. తొలగింపు చివరిమాట, అది కూడ దస్త్రముద్రలు సర్వసమానమైనచోట మాత్రమే. సందేహమున్నచోట రెండు చిత్రాలను ఉంచి, రెండు సంఖ్యలు ఇచ్చి, సందేహాన్ని కూడ వ్రాసి ఉంచుట శ్రేయస్కరం. వ్రాసి ఉంచిన సందేహాన్ని రాబోవు విద్వాంసుడు తీర్చగలడు; తుడిచివేసిన సాక్ష్యాన్ని ఎవరును తిరిగి తేలేరు.